పది దగ్గర మొదలయ్యే టేపు

ఫిబ్రవరి 3, సోమవారం

సంతకం పెట్టలేదు. పెట్టను.

ఫిబ్రవరి 4, మంగళవారం

నిన్న ఒళ్ళు మండిపోయి ఒక్క ముక్కే రాశాను. "ఇంట్లో అరవకు, పిల్ల వింటుంది. అరవాలనుంటే ఇందులో అరుచుకో" అని మా ఆవిడ ప్లైవుడ్ షాపువాళ్ళిచ్చిన ఈ డైరీ నా ఒళ్ళో పడేసింది. సరే, అరుస్తున్నాను.

నిన్న సగం బిగించిన తలుపు అలాగే వదిలేసి బడికి వెళ్ళాను. పెద్దసారు గదిలో ఆయన, టీచరమ్మ, నేను. బల్ల మీద మా చిటికె లెక్కల పరీక్ష కాగితం, ఇరవైకి మూడు. దాని పక్కన అచ్చువేసిన ఇంకో కాగితం. పిల్ల రెండో తరగతి లెక్కలకు తగిన స్థితిలో లేదు కాబట్టి మార్చి నుంచి ఒకటో తరగతిలో కూర్చోబెట్టడానికి మాకు అభ్యంతరం లేదని అందులో రాసి ఉంది. కింద ఒక గీత. ఆ గీత మీద నేను సంతకం పెట్టాలట.

"పాపకి అంకెలంటే ఏంటో తెలియట్లేదండీ," అంది టీచరమ్మ. "రబ్బరు పదమూడు సెంటీమీటర్లని రాసింది. అరచెయ్యి కంటే పొడుగ్గా ఉంటుందా రబ్బరు?"

"పైగా వేళ్ళు లెక్కపెడుతుంది," అన్నాడు పెద్దసారు, దొంగసొత్తు దొరికినట్టు. "మా బడిలో వేళ్ళు నిషేధం మేస్త్రీగారూ."

"అయితే గేటు దగ్గరే కోయించి లోపలికి పంపమంటారా సార్?" అన్నాను.

అది అనకుండా ఉండాల్సిందని మా ఆవిడ అంటోంది. నాకు మాత్రం అలా అనిపించడం లేదు.

చివరికి గడువు ఇచ్చాడు. 28న మళ్ళీ పరీక్ష. పది లెక్కలు, పది నిమిషాలు, ఏడు రావాలి, వేళ్ళు కదలకూడదు. ఏడు రాకపోతే సంతకం. పాత పరీక్ష కాగితం నా చేతిలో పెట్టారు. నేను దాన్ని విప్పి చూడలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నా కూతురి సంగతి కాగితం చూసి తెలుసుకోవాల్సిన గతి నాకు పట్టలేదు.

పుట్టినప్పుడు చిటికెడంత ఉందని చిటికె అన్నాం. ఏడేళ్ళలో అది నడక నేర్చింది, మాటలు నేర్చింది, నా పనిముట్లన్నిటి పేర్లూ నేర్చింది. దానికి ఏదో రాదని ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

వంద దాకా ఒకటీ రెండూ చెప్పమన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఎక్కడా తడబాటు లేదు. ఇంకేం కావాలట వాళ్ళకి?

ఆ ఉత్సాహంలో "డబ్బాలోంచి పదిహేడు మేకులు పట్టుకురా" అన్నాను. నోటితో గబగబా పదిహేడు చెప్పుకుంటూ తెచ్చింది. చూస్తే పదిహేనున్నాయి. దారిలో రెండు పడిపోయి ఉంటాయి. నేను పని చేసుకునే షెడ్డంతా వెతికాను. దొరకలేదు. రంపప్పొట్టులో కలిసిపోయి ఉంటాయి.

ఫిబ్రవరి 8, శనివారం

ఈరోజు రాయడానికి ఏమీ లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఉంది. నిన్న అరిచాను.

ఎనిమిదీ ఐదూ ఎంత అంటే పన్నెండు అంది. మళ్ళీ అడిగాను, పన్నెండే. తొమ్మిదీ నాలుగూ ఎంత అంటే అదీ పన్నెండే. "పదమూడే, పదమూడు! ఎన్నిసార్లు చెప్పాలి?" అని చేతిలో ఉన్న మూలమట్టం బల్ల మీద విసిరికొట్టాను. అది ఏడవలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. వేళ్ళు నాకు కనిపించకుండా దాచుకుంది.

పెద్దసారు దగ్గర వీరంగం వేసి వచ్చినవాణ్ణి, ఐదో రోజుకే నా ఇంట్లో నేనే పెద్దసారునయ్యాను.

రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. చిటికె మాత్రం పడుకోబోయే ముందు వచ్చి "మూలమట్టం వంగలేదు నాన్నా, నేను చూశాను" అని చెప్పి వెళ్ళింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

చొక్కా ఉతకబోతూ మా ఆవిడ జేబులో కాగితం తీసింది.

"ఏమయ్యా, ఇది చూశావా?"

"చూశాను," అన్నాను. చూడలేదు.

మా ఆవిడది ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ. పళ్ళెంలో మాత్రలు పోసి, చిన్న అట్టముక్కతో ఐదేసి చొప్పున పక్కకి నెడుతుంది. పదిహేనేళ్ళ నుంచి అదే పని. కాగితాన్ని కూడా అలాగే చూసింది, ఒకటొకటిగా కాకుండా గుంపులుగా.

"ఇటు రా. పెన్సిలు ఎనిమిది ఉంటే పద్దెనిమిదని రాసింది. రబ్బరు మూడైతే పదమూడు. తాళంచెవి ఆరైతే పదహారు. నోటుపుస్తకం అడ్డం పద్నాలుగైతే ఇరవై నాలుగు. ఆరు కొలతలున్నాయి, ఆరింటికీ సరిగ్గా పదే ఎక్కువ. ఒక్కచోట తొమ్మిది లేదు, ఒక్కచోట పదకొండు లేదు. తెలియని పిల్ల అయితే తలో రకంగా తప్పులు చేస్తుంది గానీ ఇంత పద్ధతిగా చేస్తుందా?"

చిటికెని పిలిచి స్కేలు, పెన్సిలు ఇచ్చాం. అది పెన్సిలు మొదలుని తిన్నగా తీసుకెళ్ళి పది గీత మీద పెట్టింది. చాలా జాగ్రత్తగా, ఒక కన్ను మూసి మరీ పెట్టింది. కొస పద్దెనిమిది దగ్గరికొచ్చింది.

"అక్కడెందుకు పెట్టావే?"

"నాన్న అక్కడే పెడతాడు కదా."

నా టేపు కొక్కెం వదులైపోయి ఎన్నేళ్ళయిందో. అక్కణ్ణుంచి కొలిస్తే ఒకటి రెండు గీతలు తేడా వస్తుంది. అందుకని ఎప్పుడూ పది మీద పెట్టి కొలుస్తాను. చివర్లో పది తీసేస్తాను. ఎక్కడ తీసేస్తాను? మనసులో. పైకి అనను. చెక్క మీద పెన్సిలుతో అసలు కొలత రాసేస్తాను. పది దగ్గర పెట్టడం పిల్లకి కనిపించింది. తీసేయడం కనిపించలేదు. అదెలా కనిపిస్తుంది?

నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. ఇప్పుడే వెళ్ళి ఈ కాగితం పెద్దసారు మొహాన కొడతానని చెప్పులేసుకున్నాను.

"కూర్చో," అంది మా ఆవిడ. "పదిహేడు తప్పుల్లో ఇవి ఆరు. మిగతా పదకొండూ ఎవరి టేపు?"

ఫిబ్రవరి 12, బుధవారం

పదకొండు.

ఫిబ్రవరి 15, శనివారం

ఆ పదకొండులో కూడికలన్నీ ఒకటి తక్కువ. తీసివేతలన్నీ ఒకటి ఎక్కువ. మూడు రోజులు చూస్తే నాకు అందింది. మా ఆవిడకి మొదటి రోజే అందిందట, నేనే పట్టుకోవాలని ఊరుకుందట. ఇలాంటి మనిషితో కాపురం.

ఈ పూట చిటికెని మా వాటా మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. అరవనని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. "ఎనిమిదో మెట్టు మీద నిలబడు. అక్కణ్ణుంచి ఐదు మెట్లు ఎక్కు. ఎన్నో మెట్టు మీద ఉంటావో ముందే చెప్పు."

వేళ్ళు తెరిచింది. "ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. పన్నెండో మెట్టు."

"ఎక్కు మరి."

ఎక్కింది. కిందికి చూసి లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"మెట్లు తప్పు చెప్తున్నాయి నాన్నా. పదమూడంటున్నాయి."

అరుపు నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. పక్కవాటా పెద్దాయన సంచితో పైకి వెళ్ళాలి, మా కోసం గోడకి అంటుకుని నిలబడ్డాడు. చిటికె దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. నాలుగోసారి ఎనిమిదో మెట్టు మీద ఆగిపోయి తన కాళ్ళని చూసుకుంది.

"ఇక్కడ నేను ముందే ఉన్నాను కదా! ఉన్న మెట్టుని మళ్ళీ ఎక్కుతున్నాను నోటితో. ఎనిమిది అయిపోయింది. తొమ్మిది నుంచి ఎక్కాలి."

"పాపం పిల్లకి ఎన్నిసార్లు చెప్తావయ్యా, పదమూడని చెప్పేయరాదూ?" అన్నాడు పెద్దాయన.

"చెప్పను బాబాయిగారూ," అన్నాను. ఎంత గొప్పగా అన్నానంటే, ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

టేకు ముక్క ఒకటి మిగిలితే చిత్రిక పట్టి పది రంధ్రాలు వేశాను. వరసగా పది వేయబోతే మా ఆవిడ ఆపింది. "ఐదు కింద ఐదు వెయ్యి. ఐదు దాకా కంటితోనే తెలిసిపోతుంది, లెక్కపెట్టక్కర్లేదు. పది వరసగా ఉంటే నేనైనా తడబడతాను." నా చెక్కకి ఆవిడ మేస్త్రీ. అలాగే వేశాను. పుల్లలు ఇరవై కోసి, గరుకు లేకుండా రుద్దాను.

చిటికె ఎనిమిది పుల్లలు గుచ్చింది. "రెండు ఖాళీ," అంది. నేనేమీ అడగలేదు. ఖాళీలు వాటంతట అవే కనిపించాయి దానికి. పక్కనున్న ఐదు పుల్లల్లోంచి రెండు తీసి ఖాళీల్లో పెట్టింది. "పది నిండింది, చేతిలో మూడున్నాయి. పదమూడు." వేళ్ళు తెరవలేదు.

తర్వాత అదే ఆటయింది. పళ్ళు తోముతూ "ఏడుకి మూడు ఖాళీ" అంటుంది. బూట్లు వేసుకుంటూ "ఆరుకి నాలుగు" అంటుంది. చెవిలో జోరీగలా ఉంది. ఉండనీ.

మేకులు తెమ్మంటే ఈసారి నోటిని చేతికంటే ముందు పరిగెత్తనివ్వలేదు. ఒకటి పెట్టి ఒకటి అంది. పదిహేడు తెచ్చింది. ఆరో తారీకున రెండు మేకులు పడిపోయాయని రాశాను. ఏవీ పడిపోలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

చెక్క పట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. పోట్లాటకే వెళ్ళాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

పిల్లలు వెళ్ళిపోయిన గది. నలభై మూడు మందికి ఒక్కర్తి ఆవిడ. గొంతు బొంగురుపోయి ఉంది. టేపు సంగతి చెప్పాను. ఆవిడ కాగితం తీసుకుని ఆరు కొలతలూ చూసింది, నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను చూడాల్సింది," అంది. "తప్పు అని గీత కొట్టడమే గానీ, ఎలా తప్పిందో అడగలేదు. అడిగే తీరిక లేదని అనను, అడగలేదు."

అలా ఒప్పేసుకునే మనిషితో ఎలా పోట్లాడతాం?

చెక్కని తిప్పి తిప్పి చూసింది. "ఇలాంటివి మా దగ్గరా ఉన్నాయండీ. పూసలు, కట్టలు, కర్రముక్కలు. ట్రైనింగులో నేర్పించారు. పిల్లలు పోగొడతారని బీరువాలో పెట్టారు. తాళం పెద్దసారు దగ్గరుంటుంది."

"మరి అడగండి."

"రెండుసార్లు అడిగాను."

"మూడోసారి అడగండి," అన్నాను. ఆవిడ నవ్వింది. "మీకు లెక్కలు బాగా వచ్చనుకుంటా" అంది.

"నాకు లెక్కలు రావండీ," అన్నాను. ఎవరడిగినా నేను చెప్పేది అదే.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నాలుగు కాళ్ళూ సమంగా కోసి కుర్చీ నిలబెడతావు. గదిలోకి అడుగుపెట్టి చెక్క ఎంత పడుతుందో కంటితో చెప్తావు. ప్రతి కొలతలో పది తీసేస్తావు. అవి లెక్కలు కాకపోతే మరేంటి?"

"అది పని," అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నన్ను కూడా కింది తరగతిలో కూర్చోబెట్టారు. ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయాను.

బెంచీ పొట్టిది. మోకాళ్ళు పట్టేవి కావు, పక్కకి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పక్కన కూర్చున్న పిల్ల నా తమ్ముడి ఈడుది, "అన్నయ్యా, నువ్వు మాకు సారువా?" అని అడిగింది. మొత్తం మర్చిపోయాను.

మా నాన్న ఏమీ అడగలేదు. వాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టాడు, పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు దణ్ణం కూడా పెట్టాడు. ఇంటికొచ్చే దారంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. కోప్పడలేదు. ఆయనకీ లెక్కలు రావనే ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట ఆయన నమ్మాడు, ఆయన నుంచి నేను నమ్మాను. ఆ తర్వాత ఏ కాగితం మీద అంకెలు కనిపించినా నేను తల తిప్పుకున్నాను. చిటికె పరీక్ష కాగితాన్ని ఎనిమిది రోజులు జేబులో మోశాను.

నాన్న మీద నాకు కోపం లేదు.

ఉంది.

ఫిబ్రవరి 27, గురువారం

చిటికె బాగా నిద్రపోతోంది. నాకు భయమేం లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పెద్దసారు గదిలోనే పరీక్ష. నన్ను బయట వరండాలో కూర్చోమన్నారు. తలుపు తీసే ఉంది. చిటికెకి కాగితం ఇచ్చారు, చెక్క ఇవ్వలేదు. చేతులు బల్ల మీద పెట్టమన్నారు. పెద్దసారు గడియారం చూసుకుని మొదలుపెట్టమన్నాడు. టీచరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

అది ఒక లెక్క చూసి, పైకి చూసి, రాసింది. మళ్ళీ పైకి చూసింది.

"పైన ఏముంది? కాగితం చూడు," అన్నాడాయన.

"పైన పది రంధ్రాలున్నాయి సార్," అంది.

ఆయన కూడా తలెత్తి పైకప్పు చూశాడు. టీచరమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటా.

అది తొందరపడలేదు. తొందరపడమని నేను కుర్చీలో కూర్చుని మనసులో అరుస్తూనే ఉన్నాను. అరవనని మాట ఇచ్చింది నోటికి మాత్రమే. ఐదు నిమిషాలకి మూడు అయ్యాయి. పది నిమిషాలకి ఆరు. ఆయన కాగితం లాగేసుకుని చూసి, నన్ను లోపలికి పిలిచాడు.

"ఆరు. ఏడు రాలేదు. ముందే అనుకున్నాం కదా మేస్త్రీగారూ." సొరుగులోంచి అచ్చు కాగితం తీసి, పెన్ను మూత తీసి మరీ నా వైపు పెట్టాడు.

నెల రోజులుగా సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. పెన్ను చూస్తూ నిలబడ్డాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ ఒక్క క్షణం చెయ్యి పెన్ను వైపు వెళ్ళింది.

"సార్, తప్పులెన్ని?" అంది చిటికె.

"తప్పులు లేవు. ఆరూ కరెక్టే. కానీ ఆరే."

"మిగతా నాలుగూ నాకు రానివి కాదు సార్. నేనింకా చెయ్యనివి. చెయ్యకముందే రావని ఎలా చెప్తారు?"

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. మెట్ల మీద నిలబడి మెట్లని అడిగినట్టే అడిగింది.

"టైమంటే టైమమ్మా," అన్నాడాయన.

టీచరమ్మ కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. బొంగురు గొంతుతోనే, "సార్, నా క్లాసులో పది నిమిషాల్లో పదీ రాసి, ఆరు తప్పులు చేసేవాళ్ళు పదిమంది ఉన్నారు. వాళ్ళ కాగితాలు కూడా తీయమంటారా?" అంది. ఆయన చేతిలోంచి పరీక్ష కాగితం తీసుకుని చిటికె ముందు పెట్టింది. అడగలేదు, పెట్టేసింది. "పూర్తి చెయ్యి తల్లీ."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. "అది పూర్తి చేశాక పెన్ను సంగతి చూద్దాం సార్," అన్నాను.

ఆయన అసలు దుర్మార్గుడు కాదు. ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి మా ముగ్గుర్నీ చూశాడు, కూర్చున్నాడు. ఇంకో ఎనిమిది నిమిషాలు పట్టింది. మూడు కరెక్టు. చివరిది తప్పు. యాభై రెండులోంచి పదిహేడు తీసేస్తే నలభై ఐదని రాసింది. ఏడు కావాలన్న చోట తొమ్మిది.

"ఇది ఎలా చేశావు?" అని తప్పైన దాన్ని చూపించి టీచరమ్మ అడిగింది. చిటికె చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "అయ్యో, రెండులోంచి ఏడు పోదు కదా, ఏడులోంచే రెండు తీసేశాను" అని నాలుక కరుచుకుంది. అదేమిటో పెద్దసారుకి కూడా నచ్చింది. మొహం కొంచెం సడలింది.

"సరే, రెండో తరగతిలోనే ఉండనిద్దాం," అన్నాడు. "ఈ కాగితం ఫైల్లో ఉంటుంది. వచ్చే ఏడాది అవసరమైతే చూసుకోవచ్చు."

ఆ మాటతో నా నాలుక మళ్ళీ నాకు దొరికింది. మా నాన్న సంతకం పెట్టిన కాగితం కూడా ఇలాగే ఏ ఫైల్లోనో ఉండి ఉంటుంది. ముప్పై ఏళ్ళు నేను ఆ కాగితం చెప్పినట్టే బతికాను.

"ఇలా ఇవ్వండి సార్," అన్నాను. ఆయన పెన్నుకి అప్పుడే మూత పెట్టేశాడు, మళ్ళీ తీయించాను. అభ్యంతరం లేదు అన్న చోట 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశాను. తారీకు వేశాను. గీత మీద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. "ఇప్పుడు ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఏడాది తీస్తే ఇది కూడా చదవండి."

టీచరమ్మ మాతో పాటు వరండా దాకా వచ్చి, వెనక్కి తిరిగి ఆయన గదిలోకే వెళ్ళింది. "సార్, బీరువా తాళం," అనడం వినిపించింది. మూడోసారి.

దారిలో చిటికె నా వేలు పట్టుకుని నడిచింది. తర్వాత, "సంతకం పెట్టేటప్పుడు నీ చెయ్యి వణికింది నాన్నా" అంది.

వణకలేదు. ఆ పెన్ను బాగాలేదు.